డైవ్ కంప్యూటర్ కంపెనీలకు బహిరంగ లేఖ: ఎంత జాగ్రత్తో అంకెల్లో చెప్పండి

డైవ్ కంప్యూటర్లు తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, వాటి లోపలి లెక్కలు రాసే ఇంజనీర్లకు,

నమస్కారం. నేను అండమాన్‌లో డైవ్ గైడ్‌ని. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. 2024 నుంచి కాగితాల మీద అది శ్రీ విజయపురం, మాకింకా నోటికి అలవాటు కాలేదు. ఇక్కడ తెలుగు కుటుంబాలకు కొదవ లేదు, మా పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. సీజన్‌లో హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌ల నుంచి వచ్చే మనవాళ్లను హేవ్‌లాక్ దీవి చుట్టుపక్కల సముద్రంలోకి తీసుకెళ్లడం నా పని. మీకు తెలుగు రాదని తెలుసు. కానీ మీ సరుకు కొని మణికట్టుకు కట్టుకునే తెలుగువాళ్లు ఏటేటా పెరుగుతున్నారు, వాళ్లు కూడా ఇది చదవాలి. పైగా మీ సాఫ్ట్‌వేర్ టీముల్లో ఒక్క తెలుగువాడైనా లేడంటే నేను నమ్మను. ఆయన చదివి చెబుతాడు లెండి.

మీ కంప్యూటర్లు మరీ జాగ్రత్త పడుతున్నాయని గొణిగే డైవర్లు బోలెడంతమంది ఉన్నారు. నేను ఆ గుంపులో లేను. జాగ్రత్త పడండి, మంచిదే. ఎంత పడుతున్నారో మాత్రం దాచకండి. నా ఫిర్యాదు అంతే.

డైవింగ్ తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ట్యాంకులో మనం పీల్చేది మామూలు గాలే, అందులో ఇంచుమించు 79 శాతం నైట్రోజన్. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది, ముప్ఫై మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలోకి, కండలోకి, కొవ్వులోకి ఇంకుతుంది. ఎంత లోతు దిగితే, ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ. పైకి వచ్చేటప్పుడు అదంతా ఊపిరితిత్తుల గుండా మెల్లగా బయటికి పోవాలి. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పుల దగ్గర్నుంచి కాళ్లు చచ్చుబడటం దాకా ఏదైనా జరగొచ్చు. డైవర్లు దాన్ని బెండ్స్ అంటారు. ఈ లోతులో ఇంతసేపు ఉంటే మధ్యలో తప్పనిసరిగా ఆగే అవసరం లేకుండా పైకి వచ్చేయొచ్చు అనే గడువు ఎన్‌డీఎల్. దాన్ని క్షణక్షణం లెక్కగట్టి చూపించడమే కంప్యూటర్ పని. ఆ అంకె సున్నాకు వస్తే పైకి వచ్చే దారిలో ఆగి ఆగి రావాల్సిందే, దాన్ని డెకో అంటాం. సెలవుల్లో సరదాగా డైవ్ చేసేవాళ్లు డెకోలోకి వెళ్లకూడదు.

మరి ఆ గడువు ఎంత? 18 మీటర్ల లోతు తీసుకుందాం. అమెరికా నేవీ మాన్యువల్ 2016 నాటి ఏడో కూర్పులో 60 అడుగులకు, అంటే 18 మీటర్లకు ఓ జానెడు ఎక్కువకి, 63 నిమిషాలు ఇచ్చారు. డైవింగ్ శిక్షణ సంస్థ పాడి (PADI) వాళ్ల టేబుల్ 56 ఇస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ బ్యూల్‌మన్ 1986లో వేసిన టేబుల్‌లో 51. కెనడా రక్షణ శాఖ పరిశోధన సంస్థ తయారుచేసిన డీసీఐఈఎం టేబుల్‌లో 50. ఇంకా లోతుకు, 30 మీటర్లకు వెళ్తే అమెరికా నేవీ 25 నిమిషాలు, పాడి 20, బ్యూల్‌మన్ 17, డీసీఐఈఎం 15. ఒకరు ఇరవై అయిదు నిమిషాలు ఉండొచ్చన్న చోట ఇంకొకరు పదిహేనుకే లేవమంటున్నారు. వీళ్లలో ఎవరూ గాలివాటంగా చెప్పినవాళ్లు కారు. అందరూ మనుషులను నీళ్లలోనో, ఒత్తిడి పెంచే ఛాంబర్లోనో దింపి పరీక్షించి రాసినవాళ్లే.

ఇవన్నీ వేరువేరు పద్ధతులు కదా, అందుకే తేడా అనొచ్చు. సరే, ఒకే పద్ధతి తీసుకుందాం. బ్యూల్‌మన్ జెడ్‌హెచ్‌ఎల్-16సీ ఇవాళ మీలో చాలామంది వాడుతున్నదే, దాని అంకెలన్నీ బహిరంగమే. ఒంటిని 16 కంపార్ట్‌మెంట్లుగా ఊహించుకుంటుంది. కొన్ని నాలుగైదు నిమిషాల్లో సగం నిండేవి, కొన్నిటికి సగం నిండటానికి పది గంటలు దాటేవి. ఒక్కోదానికి ఇంతకు మించి నైట్రోజన్ ఉండగా పైకి రాకూడదని ఒక హద్దు. ఎం-వాల్యూ అనే ఈ ఆలోచన అమెరికా నేవీ డాక్టరు రాబర్ట్ వర్క్‌మన్ 1965లో పెట్టింది. 1990లలో ఎరిక్ బేకర్ అనే ఇంజనీరు దాని మీద గ్రేడియెంట్ ఫ్యాక్టర్లు తెచ్చాడు. 85 అంటే హద్దు దాకా వెళ్లకుండా, బయటి ఒత్తిడి నుంచి ఆ హద్దు దాకా ఉన్న దూరంలో 85 శాతం దగ్గరే ఆగడం.

కాగితం, క్యాలిక్యులేటర్ పెట్టుకుని లెక్క వేశాను. దిగే సమయం, ఎక్కే సమయం వదిలేసి, మామూలు గాలితో, రోజులో మొదటి డైవ్‌కి. 18 మీటర్ల దగ్గర పూర్తి హద్దుకు వెళ్తే 60 నిమిషాలు కాస్త అటూ ఇటూగా వచ్చింది. 95 పెడితే 54. 85 పెడితే 43. 75 పెడితే 33. 30 మీటర్ల దగ్గర అదే వరసలో 16, 15, 12, 10. ఒకే లెక్క, ఒకే లోతు, ఒకే మనిషి. ఒక్క సెట్టింగు మార్చితే 18 మీటర్ల దగ్గర గడువు ఇంచుమించు సగానికి వచ్చేస్తోంది. షియర్‌వాటర్, గార్మిన్ కంప్యూటర్లలో తక్కువ, మధ్యస్థ, ఎక్కువ జాగ్రత్త అనే మూడు మెట్లకు సరిగ్గా ఈ 95, 85, 75 అంకెలే ఉన్నాయి. వాళ్లు ఆ విషయం మాన్యువల్‌లో రాశారు కూడా, అందుకు వాళ్లకు దండం పెట్టాలి. రాయని కంపెనీల కంప్యూటర్ కట్టుకున్నవాడు ఆ నిచ్చెన మీద ఏ మెట్టు దగ్గర నిలబడ్డాడో వాడికే తెలియదు. లోగుట్టు పెరుమాళ్ళకెరుక.

ఇందులో ఏ అంకె కరెక్టు అని అడిగితే, అలాంటిదేమీ లేదు. బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ బృందం మేకలను ఛాంబర్లో పెట్టి 1908లో మొదటి శాస్త్రీయ టేబుల్స్ అచ్చువేసిన రోజు నుంచీ ఇది మనుషులు ఎంచుకుని గీసిన గీతే. ఒత్తిడిని సగానికి తగ్గించినంతవరకు మేకలకు ఏమీ కాలేదు, అంతకు మించితే కుంటాయి. ఆ సగం అనే సూత్రాన్ని తర్వాతివాళ్లు ఒక్కో కంపార్ట్‌మెంటుకు వేరువేరుగా సరిదిద్దుకుంటూ వచ్చారు. గీతకు ఇవతల ఉన్నవాళ్లకు ఎప్పుడూ బెండ్స్ రావని, అవతల ఉన్నవాళ్లకు తప్పక వస్తాయని ఎవరూ అనలేదు. సరదా డైవింగ్‌లో పదివేల డైవులకు రెండు నుంచి నాలుగు కేసులు అని సాధారణంగా చెబుతారు. వాటిలో చాలామంది కంప్యూటర్ చెప్పిన గడువులోపలే పైకి వచ్చినవాళ్లు. నలుగురిలో ఒకరికి గుండెలో పుట్టుకతో ఒక చిన్న రంధ్రం పూర్తిగా మూసుకోకుండా ఉండిపోతుంది, వాళ్లలో చాలామందికి ఆ సంగతి జీవితాంతం తెలియదు. సిరల్లోని బుడగలు ఊపిరితిత్తుల్లో వడగట్టుకోకుండా ఆ దారిన అవతలి వైపుకు జారిపోవచ్చు. మీ కంప్యూటర్‌కు ఈ రంధ్రం సంగతి తెలియదు. రాత్రి పెళ్లి విందులో మందు కొట్టి, నిద్ర లేక, నీళ్లు సరిగ్గా తాగకుండా తెల్లారి బోటెక్కిన సంగతీ తెలియదు. దానికి తెలిసింది లోతు, సమయం, నీళ్ల చలి. ఖరీదైనదైతే ట్యాంకు ప్రెషరూ, గుండె వేగమూ. కాబట్టి మీరు కొంత మార్జిన్ ఉంచుకోవడం న్యాయమే.

బోటు మీద ఏం జరుగుతుందో చూడండి. డిక్సన్స్ పినకిల్ దగ్గర మొదటి డైవ్ చేసి, గంటసేపు పైన కూర్చుని, సమోసాలు తిని, జానీస్ గార్జ్ దగ్గర రెండోది దిగుతాం. గ్రూపులో నలుగురు, నాలుగు రకాల కంప్యూటర్లు. మొదటి డైవ్‌లో తేడా పెద్దగా కనిపించదు. రెండో డైవ్ వచ్చేసరికి ఎవరికి వారే యమునా తీరే. అందరం ఒకే లోతులో, ఒకే రాయి చుట్టూ, ఒకే చేపల గుంపును చూస్తూ ఉంటాం. ఒకాయన చెయ్యి చాపి తన కంప్యూటర్ చూపిస్తాడు, అందులో ఎన్‌డీఎల్ 3 అని పసుపు రంగులో మెరుస్తుంటుంది. పక్కావిడ చేతి మీద 18 అని తాపీగా ఆకుపచ్చగా ఉంటుంది. గ్రూపులో ఏది తక్కువైతే దాన్నే అందరం పాటించాలి, మా రూలు అది. అందర్నీ పైకి, పన్నెండు మీటర్ల దగ్గరికి తీసుకెళ్తాను. బోటెక్కగానే పంచాయితీ మొదలు.

"అన్నా, నాకింకా పావుగంట పైనే ఉంది. ఈయనది మరీ పిరికి వాచీ."

"నాది పిరికిది కాదమ్మా, మీదే దూకుడుది. ఏమంటావ్ బాబూ, ఎవరిది కరెక్టు?"

నేనేమనాలి? ఒకాయన మాన్యువల్ పీడీఎఫ్ ఫోన్లో తీసి వెతికాడు. అదనపు భద్రత కోసం జాగ్రత్తతో కూడిన అల్గారిథమ్ అని ఒక వాక్యం ఉంది. దేనికంటే అదనం? ఎంత అదనం? ఆ తర్వాత పేజీలో రంగురంగుల బెల్టుల ప్రకటన.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆ తర్వాత జరిగేది నవ్వుకునే విషయం కాదు. పక్కవాడి కంప్యూటర్ చూసి చూసి తనది ఊరికే బెదిరిస్తోందని మనిషికి ఒకసారి అనిపించిందా, ఇక దాని మాట వినడు. ఒక గెస్టు మధ్యాహ్నం షాపుకొచ్చి, రెంటల్ పెట్టెలోంచి వేరే కంప్యూటర్ ఇవ్వమన్నాడు. ఎందుకంటే, తనది పొద్దుటి రెండు డైవుల లెక్క పెట్టుకుని మూడో డైవ్‌కి టైమ్ సరిగ్గా ఇవ్వడం లేదట. రెంటల్ ముక్క ఆ రోజు నీళ్లు చూడలేదు కాబట్టి అది పూర్తి గడువు ఇస్తుందట. ఒంట్లో ఉన్న నైట్రోజన్ పాత కంప్యూటర్‌తోపాటు గదిలో వదిలేసి వస్తాడన్నమాట! ఇవ్వలేదు, ఆయనకు కోపం వచ్చింది. ఆయన మూర్ఖుడేమీ కాడు, బాగా చదువుకున్నవాడు. తన కంప్యూటర్ ఎంత మార్జిన్ ఉంచుకుంటోందో ఎక్కడా రాసి లేదు కాబట్టి, మార్జిన్ అంతా ఉత్తదే అనుకున్నాడు. ఇలాంటి చోట ఏదైనా అయితే బెండ్స్‌కు చికిత్స చేసే ఛాంబర్ ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లో, నేవీ వాళ్ల ధన్వంతరి ఆసుపత్రిలో. హేవ్‌లాక్ నుంచి ఫెర్రీ మీద గంటన్నర నుంచి రెండున్నర గంటలు, అదీ సముద్రం ప్రశాంతంగా ఉండి ఫెర్రీ నడిచే వేళైతే.

సెట్టింగుల పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సూంటోలో పీ0, పీ1, పీ2 అంటారు. క్రెస్సీలో ఎస్‌ఎఫ్0, ఎస్‌ఎఫ్1, ఎస్‌ఎఫ్2. స్కూబాప్రోలో ఎల్0, ఎల్1 అంటూ వెళ్తుంది. ఓషానిక్‌లో రెండు అల్గారిథమ్‌లు ఇచ్చి ఏదో ఒకటి ఎంచుకోమంటారు. ఒక కంపెనీ సున్నా ఇంకో కంపెనీ సున్నాతో సమానమా అంటే కానే కాదు. ఒకరి అతి తక్కువ జాగ్రత్త ఇంకొకరి మధ్యస్థం కంటే బిగుతుగా ఉండొచ్చు. ఏసీ కొనడానికి వెళ్తే ఏ కంపెనీదైనా ఒకే కొలత మీద ఇచ్చిన స్టార్లు చూసి పోల్చుకుంటాం కదా, ఇక్కడ ఎవరి స్టార్లు వాళ్లే తయారుచేసుకుని వాళ్లే అంటించుకుంటున్నారు.

ప్రమాణాలు ఉన్నాయి కదా, యూరప్‌లో అమ్మే సరుకు మీద ఉండే సీఈ గుర్తు ఉంది కదా అని మీరనొచ్చు. డైవ్ కంప్యూటర్లకు చూపించే యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 13319. అది చూసేది లోతు సరిగ్గా కొలుస్తోందా, సమయం సరిగ్గా కొలుస్తోందా, ఒత్తిడికి తట్టుకుంటుందా అన్నంతవరకే. డెకో లెక్క దాని పరిధిలో లేదు. అంటే మనం డబ్బులు పెట్టి కొనేది ఏ పని కోసమో ఆ పనిని వదిలేసి మిగతావన్నీ తనిఖీ చేస్తారు. ఈ వెలితి మీ రంగంలో అందరికీ తెలుసు. 1988లోనే కాలిఫోర్నియాలోని కాటలీనా దీవిలో శాస్త్రవేత్తలు డైవ్ కంప్యూటర్ల మీద వర్క్‌షాప్ పెట్టారు. 2011లో పోలండ్‌లోని గ్దాన్స్క్‌లో డైవ్ కంప్యూటర్ల లెక్కను ఎలా ధ్రువీకరించాలన్నదాని మీదే ఇంకో వర్క్‌షాప్ జరిగింది. దాని ప్రొసీడింగ్స్ పుస్తకంగా కూడా వచ్చాయి. అవన్నీ చదివి అర్థం చేసుకోగలవాళ్లు మీ దగ్గర జీతానికి ఉన్నారు. నా గెస్టు దగ్గర లేరు.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. మా కస్టమర్లు నేవీ డైవర్లు కారు, వయసు మళ్లినవాళ్లు, బొజ్జలున్నవాళ్లు, ఏడాదికోసారి నీళ్లలోకి దిగేవాళ్లు, అందుకే మార్జిన్ ఎక్కువ పెట్టాం అంటారు. నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అమెరికా నేవీ 63 నిమిషాలు ఇచ్చేది కుర్రాళ్లకు, కండలు తిరిగినవాళ్లకు, వెనక మెడికల్ టీమ్ ఉన్నవాళ్లకు. మా బోటు మీద ఉన్నది ఆక్సిజన్ కిట్, ఫోను. నా గెస్టుల్లో యాభై దాటినవాళ్లకు, బీపీ మందులు వేసుకునేవాళ్లకు, నిన్న రాత్రి నిద్ర లేనివాళ్లకు నేనే సెట్టింగు ఒక మెట్టు పైకి పెట్టి పంపుతాను. కోర్టు కేసుల భయం కూడా ఉంటుంది, అదీ అర్థమవుతుంది. కానీ మార్జిన్ ఎంతో రాస్తే కేసు బలపడుతుందా, రాయకపోతే బలపడుతుందా అన్నది మీ లాయర్లను ఇంకోసారి అడిగి చూడండి.

జాగ్రత్త పేరుతో వేసే ప్రతి అడుగూ జాగ్రత్త కాదని మీకు ఒకసారి అనుభవమైంది. 2000 తర్వాత లోతులో ఆగే స్టాపుల మోజు వచ్చింది. పైకి వచ్చేటప్పుడు మామూలు కంటే లోతులోనే ముందుగా ఆగితే బుడగలు చిన్నగా ఉన్నప్పుడే అణిగిపోతాయని వాదన. వినడానికి ముచ్చటగా ఉంది. మీలో చాలామంది డీప్ స్టాప్ అనే ఫీచర్ పెట్టి అదనపు భద్రత అని అమ్మారు. అమెరికా నేవీ పరిశోధన విభాగం దాన్ని పరీక్షకు పెట్టి 2011లో ఫలితం ప్రకటించింది. 170 అడుగుల లోతులో 30 నిమిషాలు, చల్లటి నీళ్లు, డైవర్లు పని చేస్తూ ఉన్నారు. మొత్తం ఆగే సమయం రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే, పంపకమే వేరు. తక్కువ లోతులో ఎక్కువసేపు ఆగిన 192 డైవుల్లో 3 బెండ్స్ కేసులు వచ్చాయి. లోతు స్టాపులు పెట్టిన 198 డైవుల్లో 11 వచ్చాయి. అవి భారీ డెకో డైవులు, మా గెస్టులు చేసేవి కావు, ఆ తేడా నాకు తెలుసు. అయినా సూటిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. లోతులో ఆగినంతసేపు నిదానంగా నిండే కంపార్ట్‌మెంట్లు ఇంకా నైట్రోజన్ తాగుతూనే ఉంటాయి. మీరు కలిపే ఒక్కో అదనపు జాగ్రత్త ఎక్కడ, ఎంత, ఎందుకు కలుపుతున్నారో బయటపెడితేనే కదా అది మేలు చేస్తోందో కీడు చేస్తోందో బయటివాళ్లు చూడగలిగేది?

చలి సంగతీ అంతే. నీళ్లు చల్లబడితే గడువు తగ్గించే మోడళ్లు కొన్ని ఉన్నాయి. నేవీ వాళ్లే చేసిన ఇంకో పరిశోధనలో తేలిందేమిటంటే, అడుగున ఉన్నప్పుడు వెచ్చగా ఉండి పైకి వచ్చేటప్పుడు చల్లబడటం ప్రమాదం, తిరగేస్తే మేలు. ఏ దశలో చలి అన్నది ముఖ్యం. మణికట్టు మీది సెన్సారుకు నీళ్ల చలి తెలుస్తుంది, మనిషి చలి తెలియదు. సూటు ఎంత మందమో తెలియదు.

విమానం గడియారం గురించి కూడా ఒక మాట, అంటే డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి ఎన్ని గంటలు ఆగాలో కంప్యూటర్ చూపించే గడువు. మా గెస్టుల్లో చాలామంది పోర్ట్ బ్లెయిర్ నుంచి హైదరాబాద్ డైరెక్ట్ ఫ్లైట్ పట్టుకునేవాళ్లే. 2002లో డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పెట్టిన వర్క్‌షాప్‌లో ఖరారైన సూచనలు ఇవి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చాలా డైవులు చేస్తే 18 గంటలు, డెకో చేస్తే అంతకంటే బాగా ఎక్కువ. కొన్ని కంప్యూటర్లు ఏం చేసినా ముక్కుసూటిగా 24 పెడతాయి. కొన్ని లెక్కగట్టి అంతకంటే తక్కువ చూపిస్తాయి. 24 పెట్టడం తప్పు కాదు, మేమూ అదే చెబుతాం. ఇది లెక్క కాదు, స్థిరంగా పెట్టిన గడువు అని స్క్రీన్ మీద ఒక అక్షరమైనా ఉంటే చాలు. లేకపోతే ఫ్లైట్‌కి ఇరవై గంటలే ఉందని టెన్షన్‌తో ఒకరు టికెట్ మార్చుకుంటారు, పక్కవాడి కంప్యూటర్‌లో ఆ గడువు ఎప్పుడో ముగిసిపోయిందని ఇంకొకరు నవ్వుతారు.

అడగాల్సింది అడుగుతాను.

మొదటిది, ఒక చిన్న పట్టిక. మీరు అమ్మే ప్రతి మోడల్‌కి, ప్రతి జాగ్రత్త సెట్టింగుకి, సముద్ర మట్టం దగ్గర మామూలు గాలితో 12, 18, 24, 30 మీటర్లకు ఎన్‌డీఎల్ ఎంతో అట్ట పెట్టె మీద, వెబ్‌సైట్‌లో రాయండి. కంప్యూటర్ ప్లాన్ మోడ్‌లో ఉన్న అంకెలే కదా, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కానీ అక్కడితో ఆపొద్దు. అసలు తేడాలు బయటపడేది రెండో డైవ్‌లో. కాబట్టి అందరూ ఒకే ప్రశ్నకు జవాబివ్వండి. 18 మీటర్లలో 40 నిమిషాలు ఉండి, గంట పైన కూర్చుని, మళ్లీ 18 మీటర్లు దిగితే ఎంత గడువు ఇస్తారు? ఈ ఒక్క వరస పక్కపక్కన పెట్టి చూస్తే కొనేవాడికి సగం సంగతి తెలిసిపోతుంది.

రెండోది, లోపల ఉన్న లెక్క ఏమిటో, దాన్ని ఎంత మార్చారో చెప్పండి. వ్యాపార రహస్యం అంటారా, బ్యూల్‌మన్ అంకెలు ప్రపంచమంతా తెలిసినవే. మేర్స్, సూంటో లాంటివాళ్లు కూడా కొత్త మోడళ్లలో గ్రేడియెంట్ ఫ్యాక్టర్లతో బ్యూల్‌మన్ వైపు వచ్చారు, కొంప మునిగిందేమీ లేదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో డెకో లెక్క ఒక్క అంకె మారినా విడిగా రాయండి. చిన్న చిన్న లోపాలు సరిచేశాం అనే మాట వెనక దాన్ని దూర్చకండి.

కంప్యూటర్ తనంతట తాను జాగ్రత్త పెంచుకున్నప్పుడు కారణం చెప్పాలి. వేగంగా పైకి వచ్చినందుకా, పైన తక్కువసేపు కూర్చున్నందుకా, పైకీ కిందికీ తిరిగినందుకా, చలికా? గడువు తగ్గించి ఊరుకుంటే డైవర్ దాన్ని శిక్షలా చూస్తాడు. ఎందుకో చెబితే తర్వాతి డైవ్‌లో నిదానంగా వస్తాడు, నేను రోజూ చూస్తున్నదే. పైకి తేలిన క్షణంలో ఎం-వాల్యూ హద్దులో ఎన్ని శాతానికి చేరాడో లాగ్‌లో రాస్తే ఇంకా మంచిది. 62 శాతంతో తేలినవాడికి, 94 శాతంతో తేలినవాడికి ఇద్దరికీ ఇవాళ స్క్రీన్ మీద కనిపించేది ఒకటే ఆకుపచ్చ గీత.

ఇంకోటి రెంటల్ గురించి. షాపుల్లో కంప్యూటర్ పొద్దున ఒకరి చేతికి, మధ్యాహ్నం ఇంకొకరి చేతికి వెళ్తుంది. మొదటివాడి నైట్రోజన్, మొదటివాడి సెట్టింగు రెండోవాడితో పాటు నీళ్లలోకి దిగుతాయి. మేము పొద్దుటి ముక్కలను వేరే డబ్బాలో వేసి ఆ రోజుకు పక్కన పెడతాం. అన్ని షాపులూ అలా చేస్తాయన్న గ్యారంటీ లేదు. స్విచ్ వేయగానే చివరి డైవ్ ఎప్పుడు చేసిందో, ఏ సెట్టింగులో ఉందో పెద్ద అక్షరాలతో చూపించి, బటన్ నొక్కి ఒప్పుకుంటే గానీ ముందుకు వెళ్లకుండా చెయ్యండి. ఇప్పుడది నాలుగు మెనూల లోతులో ఉంది, ఎండలో తడి వేళ్లతో వెతుక్కోవాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ మీరు జాగ్రత్త ఒక్క నిమిషం కూడా తగ్గించుకోనక్కర్లేదు. 75 దగ్గరే ఉంచండి, 70 దగ్గర ఉంచండి, మీ ఇష్టం. ఆ అంకె మాత్రం మా కళ్లబడాలి.

పట్టిక పంపితే దాన్ని తెలుగులోకి, హిందీలోకి రాయించి, లామినేట్ చేయించి షాపు గోడకు రెంటల్ పెట్టె పైనే అంటించే పూచీ నాది. నాలుగు లోతులు, రెండు నిలువు వరసలు చాలు, మొదటి డైవ్, రెండో డైవ్. ఏ కంపెనీది ముందొస్తే దానిదే అన్నిటికంటే పైన పెడతాను.

ఇట్లు,
హేవ్‌లాక్‌లో డైవులకు తీసుకెళ్లే ఒక తెలుగు గైడు